మిగిలిన రెండు ముళ్లు

పోయిన నెల చెన్నై విమానాశ్రయంలో పెట్టెలు తిరిగే బెల్టు పక్కన నా సంచీ కోసం చూస్తూ నిలబడి ఉండగా, ఒక బెంగాలీ దంపతులు చేతిలో ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వచ్చి, వేలూరికి బస్సు ఎక్కడ ఎక్కాలని వచ్చీరాని అరవంలో అడిగారు. చెప్పాను. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. నా సంచీ నా ఎదురుగానే రెండుసార్లు తిరిగి వెళ్లింది, నేను తీసుకోలేదు. ఎందుకంటే అప్పటికే నేను అక్కడ లేను. ముప్ఫై ఏళ్లకు పైగా వెనకటి ఒక మాఘమాసపు రోజులోకి వెళ్లిపోయి ఉన్నాను. తెల్లవారుజామున గౌహతిలో మొదలై గుడియాత్తంలో ముగిసిన ఆ ఒక్క రోజులో, ఒంటరిగా నేను చేసిన ప్రయాణం గురించి ఇన్నాళ్లూ ఎవరికీ సరిగా చెప్పలేదు.

మా ఇంటి సంగతి ముందు నాలుగు మాటలు చెప్పాలి. గుడియాత్తం బజారులో మాది నూలు అంగడి. మగ్గాల వాళ్లకు లుంగీలకు కావలసిన రంగు నూలు అమ్మేవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది అరవం, అందువల్ల మా అమ్మ నాకు రాసే ఉత్తరాలలో మాటలన్నీ తెలుగే, అక్షరాలన్నీ అరవమే. నేను సైతం తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ముప్ఫై దాటాక, గౌహతిలో నాతోపాటు పనిచేసిన శ్రీకాకుళం టీచరమ్మ దగ్గర. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆవిడ పుణ్యమే, తప్పులుంటే అవి మాత్రం నావి. నాన్న పోయేనాటికి నాకు ఇరవై, తమ్ముడికి పన్నెండు. అమ్మ అంగడి చూసుకుంది, నేను తమ్ముణ్ణి చూసుకున్నాను. వాడికి తల దువ్వడం దగ్గర నుంచి త్రికోణమితి చెప్పడం దాకా నా చేతి మీదనే జరిగింది. ఈలోగా నా పెళ్లీడు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు దాటిందో ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. కేంద్ర ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది, గౌహతికి వేశారు, వెళ్లాను. నా మొహం చూసి జాలిపడే వాళ్లు లేని ఊరు కావడం వల్ల ఆ ఊరు నాకు బాగా నచ్చింది.

తమ్ముడికి ఆంబూరు సంబంధం కుదిరింది. మా వైపు తెలుగువాళ్లలో ఒక ఆచారం ఉంది. అరవవాళ్ల మధ్య తరతరాలుగా ఉండి వాళ్ల దగ్గర తెచ్చుకున్నదేమో తెలియదు గాని, తాళికి పెళ్లికొడుకు వేసేది ఒక్క ముడే. మిగిలిన రెండు ముళ్లూ పెళ్లికొడుకు అక్కో చెల్లెలో వెనక నిలబడి వేయాలి. పుట్టింటి ఆడబిడ్డ తన చేత్తో కొత్త కోడల్ని ఇంట్లోకి కట్టుకోవడమన్న మాట. తమ్ముడికి ఉన్నది నేనొక్కదాన్ని. అయితే మా పెద్దమ్మ, అంటే నాన్నగారి అన్న భార్య, పెళ్లికాని పిల్ల చేత ముడి వేయించడం మంచిది కాదని, తన కూతురు ఇద్దరు పిల్లల తల్లి గనుక ఆమె వేస్తే శుభమని అందట. అమ్మ ఉత్తరంలో ఆ మాట రాసి, కింద మరో వాక్యం రాసింది. అక్క వేయకపోతే తాళి నేనూ కట్టనని తమ్ముడు అంగడి అరుగు మీద అందరి ముందూ చెప్పాడట. ఆ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో అంత భయమూ కలిగింది. వెళ్లకపోతే పెద్దమ్మ మాట నెగ్గుతుంది, వెళితే అంతమంది కళ్లు నా చేతుల మీద ఉంటాయి.

పిల్లల పరీక్షలు ముగిసే దాకా సెలవు ఇవ్వలేదు. రైలుకు మూడు రోజులు. అందుకని జీవితంలో మొదటిసారి విమానానికి టికెట్టు కొన్నాను. పురోహితుడు గోధూళి లగ్నం పెట్టాడు, సాయంత్రం ఆరు గంటలకు. ఉదయం ఏడున్నరకు గౌహతిలో ఎక్కితే కలకత్తాలో మారి, పన్నెండు దాటేసరికి మద్రాసులో దిగి, అక్కడి నుంచి బస్సులో అయిదింటికల్లా గుడియాత్తం. లెక్కల పుస్తకంలో రైలు, పడవ, ఎదురు ప్రవాహం అని లెక్కలుంటాయే, అలాంటిది నోటు పుస్తకంలో వేసి చూసుకున్నాను. జవాబు చక్కగా వచ్చింది. ఆ లెక్కలో నేను మరిచిపోయింది ఒక్కటే, మంచు.

ఆ ఉదయం గౌహతి విమానాశ్రయంలో కిటికీ అవతల లోకమే లేదు. తెల్లగా, ఒత్తుగా, పాలమీగడ కట్టినట్టు మంచు. విమానం యాభై గజాల దూరంలోనే ఉందని చెప్పారు గాని దాని తోక కూడా కనిపించలేదు. జనం గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఎవరిదో రేడియో సన్నగా పాడి ఆగిపోయింది. నా పక్కన సెలవు మీద ఇంటికి పోతున్న ఒక సిపాయి, కూతురు పుట్టిందని, ఇంకా చూడలేదని హిందీలో చెప్పి, సంచీలోంచి నారింజపండు తీసి ఒలిచి సగం నాకిచ్చాడు. ఆ చలిలో ఆ పండు వాసన ఇప్పటికీ గుర్తుంది. తొందరగా ఉందా అని నన్ను అడిగాడు. ఉంది అన్నాను, కాని ఆ మాట నాకే దూరంగా వినిపించింది. ఎనిమిదయింది, తొమ్మిదయింది, మంచు మీద ఎండ పడి గది అంతా బంగారు రంగుకు వచ్చింది, అయినా విమానం కనిపించలేదు. పదింటికి కదిలాం.

కలకత్తాలో దిగేసరికి మద్రాసు విమానం వెళ్లిపోయి గంట దాటింది. కౌంటరులో ఉన్న అమ్మాయి నా మొహం చూసి, పన్నెండున్నర విమానంలో ఒక సీటు ఉందని ఇచ్చింది. నోటు పుస్తకం తీసి మళ్లీ లెక్క వేశాను. ఎటు తిప్పి వేసినా రాత్రి ఎనిమిదికి ముందు గుడియాత్తం రావడం లేదు. అక్కడి నుంచే మా పక్క అంగడి వాళ్ల ఇంటికి ఫోను చేయించాను. మోగింది, మోగుతూనే ఉంది. ఎత్తడానికి ఎవరుంటారు, అందరూ మా పెళ్లిలోనే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఫోను పెట్టేశాక ఏడుపు రావలసింది పోయి నా ఒళ్లు తేలికపడింది. నేను కావాలని మానలేదు, మంచు ఆపింది. పెద్దమ్మ కూతురు వేస్తుంది, శుభం జరుగుతుంది, నన్ను ఎవరూ ఏమీ అనరు. ఆ పెద్ద హాల్లో ఎటో పోయే వాళ్లందరి మధ్య కూర్చుని, నేను ఏ ఊరిదాన్నీ కాదని, ఎవరి అక్కనూ కాదని కాసేపు అనుకుంటే ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. తరవాత సిగ్గేసింది. తమ్ముడు అరుగు మీద నిలబడి అన్న మాట గుర్తొచ్చింది.

అప్పుడే ఒక పెద్దాయన వంగి నా పెట్టె మీద తెల్లరంగుతో రాసి ఉన్న చిరునామా చదువుతున్నాడు. గుడియాత్తం, వేలూరు దగ్గర అని ఉంటుంది దాని మీద. వేలూరా అని ఆయన నవ్వేశాడు. ఆయన జనపనార మిల్లులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, భార్యను చూపించడానికి వేలూరు పెద్దాసుపత్రికి ఇది అయిదోసారి తీసుకెళుతున్నాడు. రైలు కుదుపు ఆమెకు పడదన్నారట. వేలూరులో ఏ సందులో ఇడ్లీ మెత్తగా ఉంటుందో, ఏ లాడ్జిలో వేన్నీళ్లు ఇస్తారో ఆయనకు నాకంటే బాగా తెలుసు. నా సంగతి నా విరిగిన హిందీలో చెప్పాను. ఆయన భార్యకు బెంగాలీలో చెప్పాడు. మద్రాసులో తమ కోసం కారు వచ్చి ఉంటుందని, నేను వాళ్లతో రావలసిందేనని ఆవిడ తేల్చి చెప్పింది. సన్నగా, పాలిపోయి, ఎండుటాకులా ఉన్న ఆ మనిషికి ఆ మాట అనడంలో ఎంత అధికారం ఉందో.

విమానంలో నిద్రపట్టింది. సముద్రం మీద ఎక్కడో, నూలు పోగులు నా వేళ్లలోంచి జారిపోతున్నట్టు, ముడి వేసిన కొద్దీ విడిపోతున్నట్టు కల వచ్చింది. లేచి చూస్తే కింద నీళ్లు, పైన వెలుగు, మధ్యలో మేము కదులుతున్నామో ఆగిపోయామో తెలియకుండా ఉంది.

మద్రాసులో మా కోసం వచ్చిన డ్రైవరుది వేలూరు పక్కన బాగాయం. నేను తెలుగు మనిషినని తెలియగానే అరవం వదిలేసి తెలుగులోకి దిగాడు. వాళ్ల తాత చిత్తూరు నుంచి వచ్చాడట. మూడు దాటాక బయలుదేరాం. శ్రీపెరంబుదూరు దాటాక ఎండ వాలింది, రోడ్డు పక్క చింతచెట్ల నీడలు కారులోకి వచ్చి పోతున్నాయి. అలా వెళుతుండగా ఆ బెంగాలీ ఆవిడ ఉన్నట్టుండి నా జడ విప్పింది. ఉదయం నుంచి చిక్కుపడిన జుట్టు. తన చిన్న దువ్వెనతో, నెమ్మదిగా, మధ్యలో అలిసిపోయి ఆగుతూ, వాలాజా వచ్చే దాకా దువ్వి అల్లింది. నాకు అంతకుముందు ఎవరు జడ వేశారో గుర్తు రాలేదు. వాలాజాలో ఆయన దిగి కనకాంబరాలు కొనుక్కొచ్చాడు, ఆవిడ తురిమింది. పెళ్లికి పోయే మనిషి ఇలా ఉండాలి అన్నట్టు గడ్డం పట్టి చూసింది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

వేలూరు అంచున సత్తువాచారి దగ్గరకు వచ్చేసరికి కలెక్టరాఫీసులో దీపాలు వెలిగి ఉన్నాయి. నా గడియారంలో ఆరు దాటి ఇరవై నిమిషాలు. లగ్నం అయిపోయింది. ఇక తొందర లేదని, నన్ను బస్టాండులో దింపేయమని, నెమ్మదిగా బస్సులో పోతానని డ్రైవరుతో చెప్పాను. అతను కారు ఆపకుండానే అన్నాడు.

“ముహూర్తం దాటిపోతే మీరు వాళ్లక్క కాకుండా పోతారామ్మా? కూర్చోండి గమ్మున. వీళ్లను లాడ్జి కాడ దింపేసి, నేను సీక్రంగా కొండుబొయ్యి వదల్తా.”

ఆసుపత్రి ఎదుటి సందులో దంపతులు దిగారు. ఆవిడ నా చెయ్యి కాసేపు పట్టుకుని వదిలింది. వాళ్ల చిరునామా అడగాలని నాకు తోచలేదు. ఆ తొందరలో, నా సొంత దిగులులో, ఆ మాత్రం మర్యాద మరిచిపోయాను. ఆవిడకు నయమైందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

పళ్లికొండ దగ్గర మళ్లి గుడియాత్తం చేరేసరికి ఏడున్నర. కల్యాణ మండపం బయట మేళం వాళ్లు వాయిద్యాలకు గుడ్డలు చుట్టి పక్కన కూర్చుని ఉన్నారు. లోపల భోజనాల సందడి. అయిపోయిందనుకున్నాను. డ్రైవరు పెట్టె దించి, పొండి పొండి అన్నట్టు చెయ్యి ఊపాడు. లోపలికి అడుగుపెట్టగానే అమ్మ ఎదురొచ్చింది.

“యాడ పొయ్యుంటివే తల్లీ ఇంతసేపు? ఆ బిడ్డ చెయ్యి పడిపోతాది, రా.”

ఏ బిడ్డో, ఏ చెయ్యో నాకు అర్థం కాలేదు. నన్ను చూసి తోవ ఇచ్చిన జనం మధ్యలోంచి పీటల దాకా వెళ్లాను. పురోహితుడు పంచాంగం ఒళ్లో పెట్టుకుని కునుకుతున్నాడు. తమ్ముడు నన్ను చూసి పీట మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. వాడి పక్కన పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుని, ఎడమచెయ్యి వెనక్కి పెట్టి, మెడ మీద ఏదో అదిమిపట్టుకుని ఉంది.

జరిగింది అమ్మ తరవాత చెప్పింది. లగ్నం దాటిపోతుందని పెద్దలు తొందరపెడితే తమ్ముడు ఒక ముడి వేశాడు, పెళ్లయిపోయింది. మిగిలిన రెండూ వేయడానికి పెద్దమ్మ కూతురు ముందుకు వచ్చింది. అంతవరకూ తల ఎత్తని ఆ ఇరవై ఏళ్ల పిల్ల, చెయ్యి వెనక్కి తీసుకుపోయి ఆ ఒంటి ముడిని గుప్పెట పట్టుకుంది. “ఆయక్కే వచ్చి ఎయ్యాల,” అని ఒక్క మాట అంది. వాళ్లమ్మ కసిరింది, మా పెద్దమ్మ విసురుగా లేచిపోయింది. రాకపోతే ఏం చేస్తావని ఎవరో అడిగారట. వస్తాది అందట. బంధువులు చూసి చూసి భోజనాలకు లేచారు. గంటన్నర. తలంబ్రాలు ఆగాయి, అప్పగింతలు ఆగాయి, ఆ చెయ్యి మాత్రం కిందికి దిగలేదు.

నేను వెనక మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల తల తిప్పకుండానే, నాకు మాత్రమే వినిపించేట్టు అంది.

“వచ్చినారా వొదినా? బిరీన ఎయ్యండి, చెయ్యి తిమ్మిరెక్కిపోయుండాది.”

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆమె వేళ్లు విప్పి చూస్తే పసుపుతాడు అరచేతిలో గాడి పడేట్టు దిగి ఉంది. ఒక ముడి వేశాను, రెండోది వేశాను. ఎవరి కళ్లు నా మీద ఉన్నాయో చూడాలన్న ఆలోచనే రాలేదు.

నన్ను అంతకుముందు ఒక్కసారి కూడా చూడని పిల్ల అలా ఎందుకు పట్టుబట్టిందో కొన్నాళ్లకు అడిగాను. పెళ్లిచూపులప్పుడు మీ తమ్ముడు మాట్లాడింది రెండే మాటలు, ఆ రెండూ మీ గురించే అంది. మా అక్క వచ్చి ముళ్లు వేస్తుందన్న ఆయన మాట నిలుస్తుందో లేదో చూద్దామనుకున్నానని కూడా అంది. మా మరదలు అలాంటిది.

రెండేళ్ల క్రితం వాళ్ల అబ్బాయి పెళ్లి జరిగింది. మా మేనకోడలు, అంటే వాళ్ల అమ్మాయి, పూనా నుంచి రావాలి, ముళ్లు ఆమె వేయాలి. విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. ఆ సంగతి విమానం కంటే ముందే మాకు చేరింది. ఎన్నింటికి కదిలేది, ఎన్నింటికి దిగేది, దారిలో ఎంత రద్దీ ఉన్నదీ అన్నీ తెలిశాయి, లగ్నానికి అందదని కూడా పొద్దునే తేలిపోయింది. అత్తా నువ్వు వేయరాదా అని నన్ను అడిగారు, నేను వద్దన్నాను. పెళ్లికొడుక్కి వరసకు పినతండ్రి కూతురయ్యే ఒకమ్మాయి సరిగ్గా నిమిషానికి వేసింది. మా మేనకోడలు విమానాశ్రయంలో కూర్చుని ఫోనులో అంతా చూసి, చప్పట్లు కొట్టే బొమ్మ పంపింది. ఎవరి తప్పూ లేదు, ఎవరికీ కోపం రాలేదు, భోజనాలు చల్లారలేదు. ఇది మంచిదేనని లెక్కల టీచరుగా నేను ఒప్పుకుంటాను. రాత్రి ఆ పిల్ల వచ్చి నవ్వుతూనే అందరినీ పలకరించింది, తరవాత కొత్త వదినె వెనకగా వెళ్లి నిలబడి, మూడు ముళ్లూ పడి ఉన్న ఆ మెడ వైపు కాసేపు ఊరికే చూసింది.

మరునాడు సాయంత్రం మరదలూ నేనూ పెరట్లో కూర్చుని మిగిలిన తమలపాకులు తుడుస్తుంటే అడిగాను. ఆ రోజు నేను రాలేనని కలకత్తా నుంచి ఫోను అంది ఉంటే ఏం చేసేదానివని.

ఆమె తుడిచిన ఆకును దొంతిలో పెట్టింది. “చెయ్యి తీసేసుందును గదా వొదినా,” అంది.

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. వాళ్ల అబ్బాయి పెళ్లినాడు మేనకోడలు ఎక్కడ ఉన్నదీ మాకందరికీ నిమిషం నిమిషం తెలుసు. నేను ఎక్కడున్నానో ఆ రోజు భూమ్మీద నా వాళ్లెవరికీ తెలియదు. తెలియదు గనుకే వస్తానని నమ్మడానికి వీలైంది, నమ్మి ఒక మనిషి గంటన్నర సేపు నా చోటు పట్టుకుని కూర్చుంది. అలా కనిపించకుండా పోవడం ఇప్పుడు మనలో ఎవరికీ కుదరదు, మన కోసం అలా చెయ్యి అడ్డంపెట్టి కూర్చునే అవసరమూ ఎవరికీ రాదు.